అగ్గిపెట్టె అట్టంత ఎడం

ఆ బ్రిడ్జి కింద బండి ఆపకూడదంటారు. ఆపకుండా పోవడానికీ వీల్లేదు — అక్కడ స్టాప్ సైన్ ఉంది.

న్యూజెర్సీలో పార్సిప్పనీ ఊరు దాటాక రిజర్వాయర్ పక్కగా పోయే పాత రోడ్డు అది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క అడవి. ఏడు మైళ్ళ దాకా ఒక్క దీపం కనపడదు. ఏడో మైలు దగ్గర రైలుకట్ట అడ్డం వస్తుంది. కట్ట కింద రాతి కమాను. ఒక్క కారు పట్టేంత సందు. అవతలినుంచి ఎవరైనా వస్తున్నారేమో చూసుకుని మరీ వెళ్ళాలి. వాన లేకపోయినా ఆ రాళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి... టప్... టప్‌మని. అందుకే అక్కడివాళ్ళు దాన్ని ఏడుపు బ్రిడ్జి అంటారు.

నలభై ఏళ్ళ కిందట, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, ఒకావిడ మొగుణ్ణి వదిలేసి అర్ధరాత్రి కారేసుకుని బయల్దేరిందట. ఆ కమాను దగ్గర బండి ఆగిపోయిందట. తెల్లారేసరికి బండి ఉంది, ఆవిడ లేదు. నీళ్ళు వెదికారు, అడవి వెదికారు. దొరకలేదు. అప్పట్నుంచీ రాత్రిపూట ఒంటరిగా పోయే ఆడవాళ్ళ బండి అక్కడ ఆగిపోతుందట.

మగవాళ్ళ జోలికి మాత్రం రాదట.

ఇంతవరకూ అమెరికన్లు చెప్పింది. ఆవిడకి తెల్లచీర కట్టి, జుట్టు విరబోసి, కాళ్ళకి గజ్జెలు తొడిగింది మనవాళ్ళు. పాపం ఆ న్యూజెర్సీ ఇల్లాలు బతికుండగా చీరంటే ఏమిటో చూసి ఉండదు. చచ్చాక కట్టుకోక తప్పలేదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఏ దెయ్యం కథ విన్నా, అది ఎవరికి పనికొస్తోందో చూడటం నాకు అలవాటు. మొగుణ్ణి వదిలి బయల్దేరిన ఆడది చచ్చి, ఆ తర్వాత బయల్దేరే ఆడవాళ్ళనే ఆపుతుందట. ఇంతకంటే నమ్మకమైన కాపలామనిషి మొగుళ్ళకి ఎక్కడ దొరుకుతుంది? జీతం అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు.

ఇది వసుమతి నాతో చెప్పిన సంగతి. 1983 నాటి మాట. ఆమె చెప్పినట్టే చెబుతాను. మధ్యలో కోపమొస్తే నా మాటలూ కలుస్తాయి. ఏమనుకున్నా ఫరవాలేదు.

వసుమతి వాల్తేరులో బయోకెమిస్ట్రీ చదివింది. పెళ్ళయి ఇక్కడికొచ్చి, ఐదేళ్ళు ఇంట్లో కూర్చుని, మళ్ళీ పరీక్షలు రాసి, ఒక ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుంది. కొత్తవాళ్ళకి రాత్రి డ్యూటీయే ఇస్తారు. పదకొండు నుంచి ఏడు. శుక్రవారం మొదలు నాలుగు రాత్రులు. ఆరు నెలలు ప్రొబేషన్. ఆ ఆరు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే ఉద్యోగం పోతుంది. అందులో కక్షేమీ లేదు. బ్లడ్ బ్యాంకు ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. ఈమె వస్తే గానీ సాయంత్రం డ్యూటీ మనిషి కదలడానికి లేదు.

ఆమె భర్త శ్యామ్‌సుందర్ ఇంజనీరు. మా తెలుగు సంఘంలో పేరున్న అభ్యుదయవాది. ప్రతి ఉగాదికీ స్త్రీ స్వేచ్ఛ మీద మాట్లాడేది ఆయనే. "స్త్రీ తన కాళ్ళ మీద తాను నిలబడాలి" అని ఆయన అన్నప్పుడల్లా చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చేతులు ఇప్పటికీ మండుతుంటాయి.

ఉద్యోగం మానెయ్యమని భార్యతో ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. అభ్యుదయవాదులు అలా అనరు. "నాకేం లేదు వసూ, వాళ్ళూ వీళ్ళూ ఏమనుకుంటారోనని..." అని ఆగిపోతారు.

ఇంట్లో రెండు కార్లు. కిందటేడు కొన్న కొత్త కారు ఆయనది. ఇండియా తిరిగి వెళ్ళిపోతూ ఎవరో వదిలించుకున్న 1964 డాడ్జ్ డార్ట్ ఆమెది. లేతాకుపచ్చ రంగు. తలుపు వేస్తే బీరువా మూసినట్టు చప్పుడు.

"పాత బండి అనకు వసూ. క్లాసిక్ కార్ అనాలి. దీనికోసం అమెరికన్లు క్యూ కడతారు."

"అయితే మీరు తీసుకోండి. నేను కొత్తది డ్రైవ్ చేస్తాను."

"నీకు కొత్తది అలవాటు లేదు కదా."

హైవే కూడా ఎక్కనివ్వడు. క్లాసిక్ కార్‌ని హైవే మీద పరిగెత్తించకూడదట. "రిజర్వాయర్ రోడ్డున వెళ్ళు. ప్రశాంతంగా ఉంటుంది."

బండి ట్యూనప్ మాత్రం ఆయనే చేస్తాడు. ఆ చేతిపని మీద ఆయనకి గర్వం. సెప్టెంబరులో ఒక బుధవారం సాయంత్రం చొక్కా చేతులు మడిచి, బానెట్ ఎత్తి, గంటసేపు లోపల ఏదో చేశాడు. మర్నాడు వసుమతి బట్టలు మెషీన్‌లో వేస్తుంటే ఆయన జేబులో నీలం కాగితం ముక్క కనిపించింది. ఎయిరోగ్రామ్ అంచు. ఇండియా నుంచి తన అక్క రాసిన పాత ఉత్తరంలోంచి కత్తిరించింది. వేలెడంత పొడుగు, రెండు మడతలు, మడత మీద నూనె మరక. చెయ్యి తుడుచుకున్నాడేమో అనుకుంది. చెత్తబుట్టలో వేసింది.

ఆ శుక్రవారం రాత్రి మొదటిసారి బండి ఆగింది.

పదీ పాతిక. రిజర్వాయర్ మీదనుంచి మంచు లేచి రోడ్డు మీదికి వస్తోంది. ఏడు మైళ్ళూ బండి చక్కగా నడిచింది. కమాను కనపడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. స్టాప్ సైన్ దగ్గర నిలిపింది. ఇంజన్ ఒకసారి వణికింది... రెండోసారి వణికింది...

ఆగిపోయింది.

తాళం తిప్పింది. ఇంజన్ గరగరమంది, అంటుకోలేదు. మళ్ళీ తిప్పింది. హెడ్‌లైట్లు పసుపుపచ్చగా సన్నగిల్లాయి. ఆర్పేసింది. ఆర్పగానే చీకటి అద్దాలకి అంటుకున్నట్టయింది.

టప్... టప్... టప్.

ఆ చప్పుడు లెక్కపెడుతూ కూర్చుంది. వెళ్దామంటే వెనక ఏడు మైళ్ళు, ముందు నాలుగు. ఫోన్ లేదు, ఇల్లు లేదు. పావుగంటకి వెనకనుంచి లైట్లు వచ్చాయి. కొత్త కారు. అందులోంచి శ్యామ్‌సుందర్ దిగాడు — తెల్ల రెయిన్‌కోటు, ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పనిముట్ల పెట్టె.

"ఆగిపోయిందా?" అన్నాడు.

"మీరెలా వచ్చారు?"

"ఎందుకో మనసు కీడు శంకించింది వసూ."

ఆమెకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆయన అరగంట సేపు ఇంజన్‌లోకి వంగి తుడిచాడు, బిగించాడు. "చెమ్మ చేరింది. ఈ చోటు మంచిది కాదు," అన్నాడు మెల్లిగా, తల ఎత్తకుండా. బండి స్టార్టయింది. ఆమె ఆస్పత్రి చేరేసరికి పదకొండున్నర. టైమ్ కార్డు మీద ఆలస్యానికి గుర్తుగా ఎర్ర గీత పడింది.

అక్టోబరులో మళ్ళీ. మళ్ళీ ఒక బుధవారం ట్యూనప్, మళ్ళీ జేబులో నీలం ముక్క, మళ్ళీ శుక్రవారం రాత్రి. ఈ రెండోసారి జరిగింది చెబుతున్నప్పుడు వసుమతి గొంతు తగ్గించింది. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం, అయినా తగ్గించింది.

కమాను కింద ఎవరో నిలబడి ఉన్నారట.

తెల్లచీర కాదు. గజ్జెలు లేవు. మోకాళ్ళ కిందికి దిగిన కోటు, నెత్తి మీద తడిసి అంటుకుపోయిన జుట్టు. మంచులో ఉందో, మంచే అలా ఉందో తెలియలేదు. వసుమతి అద్దం తుడుచుకుని చూసింది. చూస్తూ ఉండగా ఒక్కటి అర్థమైంది...

ఆవిడ తనని చూడటం లేదు. తన తల మీదుగా వెనక్కి — వచ్చిన రోడ్డు వైపు చూస్తోంది. ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు.

అంతలో వెనక లైట్లు పడ్డాయి. కమాను కింద ఎవరూ లేరు.

"ఆగిపోయిందా?" అన్నాడు శ్యామ్‌సుందర్.

రెండో ఎర్ర గీత. నైట్ సూపర్‌వైజర్ మంచి మనిషే. "ఇంకొక్కటి పడితే నా చేతుల్లో ఏమీ లేదు వసుమతీ," అంది. ప్రొబేషన్ పూర్తి కావడానికి ఇంకా నాలుగు వారాలున్నాయి. నవంబరు మూడో శుక్రవారం ఆఖరి రాత్రి.

ఇక మా సంఘంవాళ్ళ మాటలు వినాలి. దీపావళికి స్కూలు కెఫెటీరియాలో చేరాం. పులిహోర పేపర్ ప్లేటుల్లో పెట్టుకుంటూనే మొదలుపెట్టారు.

"రెండుసార్లు ఆగిందంటే మాటలా అమ్మాయ్. మూడోసారి ఆగితే మనిషి దక్కదట," అంది రాధారాణి. మా అందరికంటే పెద్దది, అందరికీ ఆంటీ.

"ఎవరన్నారండీ?"

"అందరూ అంటున్నారు. అయినా రాత్రిళ్ళు ఉద్యోగాలేమిటి? పిల్లలు ఎప్పుడు పుట్టాలి, లంచ్ బ్రేక్‌లోనా?"

నవ్వారు. మగవాళ్ళ బల్ల దగ్గర్నుంచి కూడా నవ్వు వినిపించింది. శ్యామ్‌సుందర్ మాత్రం నవ్వలేదు. "ఆంటీ, అది తన ఇష్టం. తన స్వేచ్ఛ," అన్నాడు గంభీరంగా.

"ఇలాంటి మొగుడు ఏ జన్మలో పూజకి దొరికాడో," అంది రాధారాణి. "పక్కమీంచి లేచి పరిగెత్తుకొచ్చాడట, రెండుసార్లూ. మా ఆయనైతే గుర్రుపెట్టి నిద్రపోయేవాడు."

మర్నాడే ఆవిడ వచ్చి డార్ట్ ముందు బంపరుకి నల్లతాడూ నిమ్మకాయా కట్టింది. ఒక్కో చక్రం కిందా ఒక్కో నిమ్మకాయ తొక్కించింది. నల్లతాడు వాన నీళ్ళకి నాని ఊడిపోయింది. నిమ్మకాయ ఉడతలు కూడా ముట్టుకోలేదు.

అదే ఆస్పత్రిలో లూసీ అనే నర్సు ఉంది. గుంటూరావిడ, వసుమతి కంటే పదేళ్ళు పెద్దది. అంతా విని, "మా పాస్టర్ గారితో నీ బండి కోసం ప్రార్థన చేయిస్తాను," అంది. "ప్రార్థన అయ్యాక ఇంకోచోటికి కూడా రావాలి నువ్వు. దేవుడు వైరింగు చూడడు."

ఆ ఇంకోచోటు కౌంటీ ఒకేషనల్ స్కూలు. గురువారం సాయంత్రాలు ఆడవాళ్ళకి కారు రిపేర్ నేర్పే క్లాసు. నేర్పేది మార్జ్ — అరవయ్యేళ్ళ మనిషి, పొట్టి, వేళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని నలుపు. వసుమతి ఇంట్లో కేక్ డెకరేషన్ క్లాసని చెప్పింది. శ్యామ్‌సుందర్ సంతోషించాడు. లూసీ తన కార్లో ఎక్కించుకుని తీసుకెళ్ళేది.

మొదటిరోజే మార్జ్ అడిగింది. "ఏడుపు బ్రిడ్జి దగ్గర బండి ఆగినవాళ్ళు ఎవరెవరు?"

తొమ్మిదిమందిలో నాలుగు చేతులు లేచాయి. అందులో ఒక చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. అది వసుమతిది.

"ఏ సంవత్సరం బళ్ళు?"

అరవై నాలుగు. అరవై ఎనిమిది. డెబ్భై. అరవై ఏడు.

"మీ ఇళ్ళల్లో ఇంకో కారు ఉందా?"

ఉంది. అందరికీ ఉంది.

"అది కొత్తదా?"

కొత్తదే.

"అది ఎవరు నడుపుతారు?"

వెనకనుంచి ఎవరో "ఓ..." అన్నారు, అంతే.

మార్జ్ అప్పుడు విడదీసి చెప్పింది. పాత బళ్ళలో ఇంజన్‌కి నిప్పురవ్వ అందించేది రెండు చిన్న లోహపు మొనలు. పాయింట్లంటారు. డిస్ట్రిబ్యూటర్ అనే డబ్బాలో కూర్చుని, క్షణానికి ఎన్నోసార్లు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. చెమ్మ తగిలినా, అరిగినా, వాటి మధ్య ఎడం తప్పినా రవ్వ పుట్టదు. వేగంగా పోతున్నప్పుడు ఎలాగో లాక్కొస్తాయి. వేడెక్కిన బండిని నెమ్మదింపజేసి నిలిపితే అక్కడ చచ్చిపోతాయి. ఆ రోడ్డున ఏడు మైళ్ళ తర్వాత మొదటిసారి నిలపాల్సిన చోటు ఆ కమానే. పైనుంచి కారే నీళ్ళు అదనం. కొత్త బళ్ళలో ఆ పాయింట్లే లేవు, అంతా ఎలక్ట్రానిక్.

దెయ్యం మగవాళ్ళ జోలికి ఎందుకు రాదో అర్థమైంది కదా. నలభై ఏళ్ళ భయం. దాని కింద ఉన్నదల్లా, ఇంట్లో కొత్త కారు తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందన్నది. నేనీ మాట మా సంఘంలో అంటే "మీకు ప్రతిదాంట్లో ఆడా మగా గొడవే కనిపిస్తుంది" అన్నారు. కనిపిస్తుంది మరి. కళ్ళున్నాయి.

పాత బండికి కూడా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవచ్చంది మార్జ్. చిన్న కిట్ దొరుకుతుంది. పాయింట్లు తీసేసి ఆ చోట ఒక నల్లటి ముక్క, ఒక అయస్కాంతపు రింగు. అంతే. వసుమతి ఆ రాత్రే పోస్టులో ఆర్డర్ చేసింది — లూసీ అడ్రసుకి. అది వచ్చాక, నవంబరు మూడో గురువారం క్లాసులో అందరి ముందూ డార్ట్‌కి పెట్టాలని అనుకున్నారు. మర్నాడే ఆమె ఆఖరి శుక్రవారం.

ఆ ముందురోజు బుధవారం సాయంత్రం శ్యామ్‌సుందర్ చొక్కా చేతులు మడిచాడు. "ఎల్లుండితో నీ ప్రొబేషన్ అయిపోతుంది కదా. బండి ట్యూనప్ చేసి పెడతాను," అన్నాడు.

గురువారం పొద్దున జేబులో నీలం ముక్క. ఈసారి ఆమెకి విసుగేసింది. అక్క ఉత్తరాలు ఆమె పెట్టెలో దాచుకున్నవి. ఎందుకు చింపుతున్నారో రాత్రికి అడగాలనుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

సాయంత్రం ఆయన ఇంకా ఆఫీస్‌లో ఉండగానే డార్ట్ తీసుకుని స్కూలుకి బయల్దేరింది. ఊళ్ళో దారి. స్కూలు పార్కింగ్‌లోకి తిరిగి నెమ్మదించింది. ఇంజన్ ఒకసారి వణికింది... రెండోసారి వణికింది...

ఆగిపోయింది.

బ్రిడ్జి లేదు. నీళ్ళు లేవు. మంచు లేదు. సాయంత్రం ఏడు గంటలు, తల మీద ట్యూబులైట్లు పగల్లా వెలుగుతున్నాయి. వసుమతి స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. దెయ్యం ఇక్కడిదాకా వచ్చిందనిపించింది... ఇంట్లోంచే తనతోపాటు ఎక్కిందనిపించింది.

క్లాసు ఆడవాళ్ళే బండిని లోపలికి తోశారు. ఆ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ ఓ పక్కన కింద నక్కి ఉంటుంది, చెయ్యి దూరదు. వసుమతి గాజులు తీసి లూసీకిచ్చి, తనే వంగి మూత తీసింది. మార్జ్ టార్చి పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఎడం లేదు," అంది. "ఉండాల్సింది అగ్గిపెట్టె అట్టంత. గేజ్ లేకపోతే అదే పెట్టి చూస్తాం. ఇది అందులో సగం కూడా లేదు. ఎవరు సెట్ చేశారు?"

"మా ఆయన."

"ఆయనకి పని సరిగ్గా రాదా?"

"వచ్చు. ఇంజనీరు."

మార్జ్ టార్చి ఆర్పింది. "అరిగితే ఇలా కాదు. ఈ స్క్రూ నిన్నో మొన్నో బిగించింది. దేన్నో మధ్యలో పెట్టి, కొలిచి, జాగ్రత్తగా బిగించింది. అగ్గిపెట్టె అట్ట కంటే బాగా పల్చటిది."

వసుమతి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. నీలం ముక్క తీసింది. మడతలు అలాగే ఉన్నాయి, నూనె మరక అలాగే ఉంది. రెండు వేళ్ళతో పట్టుకుని ఆ మొనల మధ్యకి జార్చింది.

సరిగ్గా సరిపోయింది.

అంచు మీద అక్క చేతిరాత సగం లైను కనిపిస్తోంది — "నీ ఉద్యోగం సంగతి విని నాకెంత..." తరువాతి మాట కత్తెరకి పోయింది.

"రోడ్డు మీద టార్చి వేసుకుని అరగంట బాగు చేసింది దీన్నే," అంది వసుమతి. తనతో తనే అన్నట్టు.

మార్జ్ చేతులు తుడుచుకుంటూ స్టూలు మీద కూర్చుంది. "నలభై మూడులో నాకు ఇరవయ్యేళ్ళు," అంది. "మెకానిక్కులంతా యుద్ధానికి పోయారు, నేను గ్యారేజీలో పని చేసేదాన్ని. ఆ ఏడుపు బ్రిడ్జి ఆవిడ బండిని మా గ్యారేజీకే లాక్కొచ్చారు. నేనే మూత తీశాను. పాయింట్లు మూసుకుపోయి ఉన్నాయి. స్క్రూ కొత్తగా బిగించి ఉంది. పోలీసులకి చెప్పాను."

"ఏమన్నారు?"

"ఆడపిల్లవి, నీకివన్నీ తెలియవన్నారు. ఆవిడ మొగుడు అప్పుడు అక్కడే ఉన్నాడు. ఏడుస్తున్నాడు. ఎందుకో మనసు కీడు శంకించి వెతుక్కుంటూ వెళ్ళాడట ఆ రాత్రి. బ్రిడ్జి కింద ఖాళీ బండి కనిపించిందట."

ఆ మాట వినగానే వసుమతికి కమాను గుర్తొచ్చింది. మంచులో తడిసిన మనిషి, తన తల మీదుగా వెనక్కి చూస్తున్న మనిషి...

"ఆవిడ పేరేమిటి?" అని అడిగింది.

మార్జ్ తల అడ్డంగా ఊపింది. "పేపర్లో కూడా ఫలానావారి భార్య అనే వేశారు."

పాయింట్లు ఊడదీశారు. తీస్తుంటే ఒక బుల్లి స్క్రూ జారి డిస్ట్రిబ్యూటర్ లోపల పడింది. వేళ్ళు అందలేదు. వసుమతి మంగళసూత్రానికి పెట్టుకున్న పిన్నీసు తీసి, వంచి, దాంతో పైకి లాగింది. నల్ల ముక్క బిగించారు, రింగు కూర్చోబెట్టారు, ఎర్ర వైరూ నల్ల వైరూ కాయిల్‌కి కలిపారు. తాళం తిప్పితే మొదటిసారికే అంటుకుంది. నిలబెట్టి పావుగంట చూశారు. వణకలేదు.

"ఇందులో తగిలేవి లేవు, అరిగేవి లేవు," అంది మార్జ్. "కాగితం ముక్క దూర్చడానికి సందూ లేదు."

ఆ రాత్రి ఇంటికెళ్ళి మొగుణ్ణి నిలదీసిందా అంటే, లేదు. నేనైతే నిలదీసేదాన్ని. నాకూ వసుమతికీ అదే తేడా. ఆమె ల్యాబ్ మనిషి. ఫలితం చూడకుండా రాయదు. "ఐసింగ్ గులాబీలు నేర్పారండీ," అని చెప్పి పడుకుంది.

శుక్రవారం రాత్రి వాన. శ్యామ్‌సుందర్ గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

"జాగ్రత్త వసూ. ఆఖరి రోజు."

"అవునండీ. ఆఖరి రోజు."

ఏడు మైళ్ళు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క అడవి. వైపర్లు కొట్టుకుంటున్నాయి. కమాను కనిపించింది. కాలు తీసింది. స్టాప్ సైన్ దగ్గర నిలిపింది.

ఇంజన్ మెత్తగా తిరుగుతూనే ఉంది.

వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. టైము చూసుకుంది — పదీ ఇరవై. నాలుగు మైళ్ళకి పది నిమిషాలు చాలు. పదీ నలభై దాకా ఆగగలదు. లైట్లన్నీ ఆర్పేసి, ఇంజన్ మాత్రం అలా నడవనిచ్చి కూర్చుంది.

టప్... టప్... టప్.

పదీ ముప్ఫై. ఏమీ లేదు. పొరపాటు పడ్డానేమో అనిపించింది ఒక్క క్షణం. పొరపాటైతే బాగుండునని కూడా అనిపించిందట.

పదీ ముప్ఫై మూడు. అద్దంలో రెండు లైట్లు. దగ్గరికి వచ్చాయి. ఆగాయి. తలుపు చప్పుడు. వానలో తెల్లగా ఒక ఆకారం నడిచి వస్తోంది, ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పెట్టె... ఆమె ఆ దెయ్యాన్ని పోల్చుకుంది. ఏడేళ్ళుగా దానికి అన్నం వడ్డిస్తోంది.

కిటికీ దగ్గరికి వంగాడు.

"ఆగిపోయిందా?" అన్నాడు.

వసుమతి అద్దం నాలుగు వేళ్ళంత దించింది.

"మీకెవరు చెప్పారు, ఆగిందని?"

ఆయన నోరు తెరిచాడు. అప్పుడు వినిపించింది ఆయనకి — వాన చప్పుడు కింద, మెత్తగా, ఎక్కడా తప్పకుండా తిరుగుతున్న ఇంజన్. ఆమె హెడ్‌లైట్లు వేసింది. కిటికీ సందులోంచి నీలం కాగితం ముక్క బయటికి చాచింది. ఆయన టార్చి దాని మీద పడి, అక్కడే ఉండిపోయింది.

"వసూ... అది కాదు... నేను నీ మంచికే..."

"ఇది తీసుకోండి. ఇక మీకే పనికొస్తుంది."

అద్దం ఎత్తేసింది. గేరు వేసింది. కమాను కిందనుంచి, కారే నీళ్ళ కిందనుంచి, డార్ట్ ఒక్క వణుకైనా లేకుండా అవతలికి వెళ్ళింది. పదీ యాభైకి కార్డు గుద్దింది. ఎర్ర గీత పడలేదు. ఉద్యోగం పర్మనెంటయింది.

శ్యామ్‌సుందర్ మర్నాడు తొమ్మిదింటికి టో ట్రక్కులో ఇల్లు చేరాడు. కొత్త కారు స్టార్ట్ కాలేదట. పాయింట్లు లేవు, అరిగేవి లేవు, అంతా ఎలక్ట్రానిక్. తెల్లారాక గ్యారేజీకి లాక్కెళితే, మెకానిక్ తాళం తిప్పగానే స్టార్టయిందట. ఏ లోపమూ కనపడలేదన్నాడు. ఆ రాత్రంతా కమాను దగ్గర ఏం చేశాడో శ్యామ్‌సుందర్ ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆ రోడ్డున వెళ్ళలేదు. మరుసటి ఉగాదికి స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసం కూడా లేదు. గొంతు పోయిందన్నారు.

వసుమతి ఇప్పుడు ఆస్పత్రి పక్కనే అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. డార్ట్ తనతోనే తెచ్చుకుంది. ఈ సంగతంతా చెప్పి, కాఫీ కప్పులు కడిగి, ఇంకా ఏదో ఉన్నట్టు నిలబడింది.

"కొత్త కారు ఎందుకు ఆగినట్టు?" అని అడిగాను. "చెమ్మా?"

ఆమె చేతులు తుడుచుకుంది.

"కమాను దాటాక అద్దంలో చూశానండీ," అంది నెమ్మదిగా. "ఆయన తన కారు ముందు నిలబడి ఉన్నారు. హెడ్‌లైట్ల వెలుగులో. తెల్ల రెయిన్‌కోటు తెలుస్తూనే ఉంది..."

"ఊఁ."

"పక్కన ఇంకొకరు ఉన్నారు. తడిసిన కోటు. ఈసారి వెనక్కి చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది."

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదని ముందే చెప్పాను.

"మరి నువ్వు వెనక్కి వెళ్ళలేదా?"

"పదకొండుకి డ్యూటీ కదండీ," అంది వసుమతి.